మీథేన్‌కు నిప్పురవ్వ కావాలి, సిలేన్‌కు గాలి చాలు

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టివేయాలి, కిటికీలు తెరవాలి, విద్యుత్ స్విచ్‌ల జోలికి పోరాదు. ఈ జాగ్రత్తల వెనుక ఉన్న సూత్రం ఒక్కటే: నిప్పు తగలనంత వరకు ఆ వాయువు మండదు. సౌర ఘటాలు, చిప్‌ల తయారీలో వాడే సిలేన్‌కు ఈ సూత్రం వర్తించదు. మామూలు ఉష్ణోగ్రతలోనే, గాలి సోకినంత మాత్రాన అది అంటుకోగలదు.

సిలిండర్‌లోని ప్రొపేన్, బ్యూటేన్, కృష్ణా-గోదావరి బేసిన్‌లో లభించే సహజవాయువులోని మీథేన్ హైడ్రోకార్బన్లు. మీథేన్‌లో ఒక కార్బన్ పరమాణువును నాలుగు హైడ్రోజన్ పరమాణువులు అంటిపెట్టుకొని ఉంటాయి. కార్బన్ స్థానంలో సిలికాన్ ఉంటే అది సిలేన్. ఈ రెండు మూలకాలూ ఆవర్తన పట్టికలో 14వ గ్రూపుకు చెందినవే. అయినా వాటి సమ్మేళనాల స్వభావం వేరు.

సిలికాన్ పరమాణువు పెద్దది. హైడ్రోజన్‌తో దాని బంధం కార్బన్-హైడ్రోజన్ బంధం కంటే బలహీనం. ఆక్సిజన్‌తో మాత్రం సిలికాన్ ఎంతో దృఢంగా కలుస్తుంది. ఇసుకలో ఉన్నది ఆ బంధమే. అందుకే సిలేన్ ఆక్సిజన్‌తో చప్పున చర్య జరుపుతుంది. మండినప్పుడు తెల్లని సిలికా పొడి మిగులుతుంది. కార్బన్ పరమాణువులు పొడవాటి గొలుసులుగా స్థిరంగా నిలుస్తాయి. కొవ్వొత్తి మైనం అందుకు ఉదాహరణ. సిలేన్లలో గొలుసు పెరిగేకొద్దీ స్థిరత్వం తగ్గుతుంది.

గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే మండుతుంది. సిలేన్‌కు ఆ పరిధి సుమారు 1.4 నుంచి 96 శాతం. లీకైన సిలేన్ ప్రతిసారీ తక్షణమే మండుతుందనీ చెప్పలేము. కొన్ని పరిస్థితుల్లో కొంతసేపు పోగుపడి, ఆ తరువాత ఒక్కసారిగా పేలుతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అందువల్ల సరఫరాను ఆపకుండా సిలేన్ మంటను ఆర్పకూడదన్నది భద్రతా నియమం. మంట ఆరినా వాయువు వెలువడుతూనే ఉంటే పేలుడుకు దారితీస్తుంది. దూరం నుంచే వాల్వును మూసే ఏర్పాటు ఇందుకే అవసరం. దేశంలో సౌర, చిప్ పరిశ్రమలు విస్తరిస్తున్న వేళ అక్కడి కార్మికులకూ, అగ్నిమాపక సిబ్బందికీ ఈ తేడా తెలియడం ప్రాణావసరం. వంటింటి పొయ్యి నేర్పిన పాఠం సిలేన్ దగ్గర సగమే పనికివస్తుంది.