కచేరీకి ఏ రికార్డర్ మేలు?

1902 నవంబరులో కోల్‌కతాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినప్పుడు మైకు లేదు. ఆమె పెద్ద కొమ్ములోకి గట్టిగా పాడాలి; డిస్కులో పట్టేది సుమారు మూడు నిమిషాలే. నేడు అదే నగరంలో డోవర్ లేన్ సంగీత సమ్మేళనం కచేరీలు రాత్రంతా సాగుతాయి.

మంద్రంగా మొదలైన ఆలాపన తర్వాత సితార్, తబలా హోరెత్తుతాయి. శబ్దం రికార్డర్ పరిమితిని దాటితే తరంగాల శిఖరాలు తెగిపోయి స్వరం బొంగురుపోతుంది. దాన్ని తర్వాత పూర్తిగా సరిదిద్దలేం.

సిద్ధాంతపరంగా 16 బిట్ల రికార్డింగులో అతి మెల్లని, అతి పెద్ద శబ్దాల మధ్య అంతరం సుమారు 96 డెసిబెళ్లు. 24 బిట్లలో 144. పరికరాల రొద వల్ల వాస్తవంలో ఇది తగ్గినా, 24 బిట్లదే మేలు. అతి పెద్ద శబ్దం గరిష్ఠ స్థాయికి 12 డెసిబెళ్లు దిగువనే ఉండేలా అమర్చుకోవాలి. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకు గంటకు సుమారు ఒక జీబీ కావాలి. రాత్రంతా నిలిచే బ్యాటరీ కూడా ముఖ్యమే.