రంగు పేరున్న లోహానికి రంగు అంటదేం?

పాత అంబాసిడర్ కారు బంపరు అద్దంలా తళతళలాడటం మీరు చూసే ఉంటారు. ఆ మెరుపు నచ్చక మీ అన్నయ్య ఓ ఆదివారం దానికి నల్లరంగు పూశాడనుకోండి. కొద్దిరోజులకే రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. తప్పు రంగుదా? కాదు. ఆ మెరుపుకు కారణమైన క్రోమియం స్వభావమే అంత!

ఈ లోహాన్ని 1797లో ఫ్రెంచి రసాయనవేత్త వోక్లాన్ కనుగొన్నాడు. దీని సమ్మేళనాలు రంగురంగులుగా ఉంటాయి గనుక, గ్రీకుభాషలో 'రంగు' అని అర్థమిచ్చే మాటతో దీనికి పేరు పెట్టారు. అలాంటి లోహానికే రంగు అంటకపోవడం తమాషా కదూ!

ఎందుకంటారా? ఉక్కు బంపరుమీద నికెల్ పూత, దానిపైన క్రోమియం పూత ఉంటాయి. ఈ క్రోమియం పూత మందం సాధారణంగా మిల్లీమీటరులో వెయ్యో వంతుకంటే తక్కువే. గాలి తగలగానే దానిపై కంటికి కనిపించని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. మెరుపు మాయకుండా కాపాడేది అదే. కాని అంత నున్నటి తలంమీద రంగుకు పట్టు దొరకదు.

మరి ఏం చెయ్యాలి? ముందు సబ్బునీళ్లతో జిడ్డు కడగాలి. తర్వాత సన్నరకం వాటర్ పేపరు తడిపి, మెరుపు తగ్గేదాకా మెల్లగా రుద్దాలి. తడి ఉంటే హానికరమైన లోహపు ధూళి లేవదు. ఆ సన్నటి గీతలే రంగుకు పట్టుకొమ్మలు! ఆరాక లోహానికి తగిన ప్రైమరు, దానిపైన పలుచగా రెండుమూడు పూతల రంగు వెయ్యాలి.

ఈ పని ఆరుబయట, పెద్దల సమక్షంలోనే చెయ్యండి. ఆమ్లంతో క్రోమియాన్ని కరిగించాలని మాత్రం చూడకండి. ఆ ఆవిర్లు ప్రమాదకరం.

రంగు పూయడం తేలికే. దానికి పట్టు కల్పించడమే అసలు పని!