ఇంజను నిలకడ తప్పినచో

చైతన్యపురి దాటిన పిదప మూసీ వెంబడి పచ్చగడ్డి, ఆకుకూరలు పండించు రైతులకు చిన్న పెట్రోలు ఇంజను కుడిభుజము వంటిది. కొన్ని వారములు మూలబడిన ఇంజను ఒకసారి ఎగసి, ఒకసారి పడిపోవుచు నడచినచో చోకు సగము మూసి చూడుడు. అప్పుడు నిలకడగా నడచిన యెడల, సాధారణముగా కార్బురేటరు జెట్టులో మడ్డి పట్టినదని గ్రహింపవలెను. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును.

ఇంజను చల్లారిన పిదప ప్లగ్గు తీగ ఊడదీసి, పెట్రోలు కుళాయి కట్టి, ఆరుబయట నిప్పుకు దూరముగా కార్బురేటరు గిన్నె విప్పవలెను. జెట్టును కార్బురేటరు క్లీనరుతో కడిగి గాలి ఊదవలెను. ఇనుపతీగ గ్రుచ్చరాదు, రంధ్రము పెద్దదైనచో పెట్రోలు వృథా యగును. టాంకులోని పాత పెట్రోలు మార్చవలెను.

ఇంజనును మూల పెట్టుటకు ముందు కుళాయి కట్టి, తనంత తాను ఆగువరకు నడిపించుడు. మందు చల్లవలసిన నాడు ఇంజను మొరాయించినచో పురుగు ఆగదు గదా!