ఒకటే మీట - రెండు అర్థాలు

పిల్లలూ! కంప్యూటరులో నల్లని కిటికీ ఒకటి ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? అందులో బొమ్మలూ ఉండవు, బొత్తాలూ ఉండవు. మనం ఒక ఆజ్ఞ రాసి ఎంటర్ మీట నొక్కితే, కంప్యూటరు ఆ పని చేసి, జవాబు కింద రాస్తుంది. దీనినే కమాండ్ లైన్ కిటికీ అంటారు.

మీరు పది కోట్ల లోపు ప్రధాన సంఖ్యలను వెతికే ప్రోగ్రాం ఒకటి రాశారనుకోండి. అది అరగంటగా లెక్క వేస్తూ, ఒక్కొక్క సంఖ్యనే తెరమీద రాస్తున్నది. అంతవరకు వచ్చిన వాటిని నోట్‌ప్యాడ్‌లోకి ఎత్తి నాన్నగారికి చూపుదామనుకున్నారు. అలవాటు కొద్దీ కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కారు. ఇంకేముంది! నకలు రాలేదు సరిగదా, లెక్కే ఆగిపోయింది. అరగంట శ్రమ వృథా!

ఇలా ఎందుకు జరిగింది?

కంప్యూటరు దృష్టిలో ప్రతి అక్షరమూ ఒక సంఖ్య. ఆస్కీ అనే పట్టికలో పెద్ద సి అక్షరం సంఖ్య 67. కంట్రోల్ మీట దానిలో 64 తగ్గిస్తుంది. మిగిలేది 3. 1960ల నాటి కొన్ని కంప్యూటర్లలోనే ఈ సంకేతానికి "చేస్తున్న పని ఆపు" అని అర్థం. అప్పటికి మౌస్‌తో గుర్తుపెట్టి నకలు తీయడం వాడుకలో లేదు.

ఆ పద్ధతిని 1970లలో అమెరికాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే వారు రూపొందించారు. 1983లో ఆపిల్ కంపెనీ తన లీసా కంప్యూటరులో నకలుకు సి అక్షరాన్నే ఎంచుకున్నది. అయితే దానికి తోడు కంట్రోల్ కాక, వేరే మీట పెట్టింది. తరువాత విండోస్ మాత్రం కంట్రోల్ మీటనే వాడింది. అలా పాత అర్థమూ కొత్త అర్థమూ ఒకే మీటల మీద వచ్చి కూర్చున్నాయి!

మరి నకలు తీయడం ఎలా? విండోస్ 10 మొదలుకొని ఉపాయం సులభం. ముందు కావలసిన వరుసల మీద మౌస్‌ను లాగి గుర్తుపెట్టండి. తరువాతనే కంట్రోల్, సి నొక్కండి. గుర్తుపెట్టినది ఉంటే నకలు; లేకపోతే "ఆపు"! అంతకు ముందరి విండోస్‌లో గుర్తుపెట్టి ఎంటర్ నొక్కవలసి వచ్చేది. లినక్స్ కిటికీలలో సాధారణంగా కంట్రోల్, షిఫ్ట్, సి మూడూ కలిపి నొక్కాలి. మాక్‌లో కమాండ్, సి నొక్కితే నకలు. కంట్రోల్, సి నొక్కితే ఆపు. నకలు చేతికి వచ్చాక నోట్‌ప్యాడ్‌లోనో ఉత్తరంలోనో అతికించవచ్చు.

ప్రోగ్రాంలో తప్పు వచ్చినప్పుడు ఈ విద్య ఎంతో ఉపకరిస్తుంది. తెరమీది మాటలు చూసి రాస్తే ఒక చుక్కో, ఒక అంకెో జారిపోవచ్చు. నకలులో ఏదీ జారదు. దానిని చూసి మాస్టారు తప్పు ఎక్కడున్నదో ఇట్టే చెప్పగలరు.

ఒక్క జాగ్రత్త! బయటి ఆజ్ఞను ఈ కిటికీలో అతికించేటప్పుడు మాత్రం తొందరపడకండి. దానిలో వరుస ముగింపు గుర్తు ఉంటే, మీరు ఎంటర్ నొక్కకముందే ఆజ్ఞ అమలు కావచ్చు. దస్త్రాలు చెరిగిపోనూ వచ్చు. అందుచేత ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి, చదివి, అర్థమైన తరువాతనే వాడండి. అర్థం కాకపోతే పెద్దలను అడగండి.