కుక్కరు పేలితే బాధ్యత ఎవరిది?

మన కె.ఆర్.పురం తెలుగు కుటుంబాలలో అంగడి పెట్టుకున్నవారూ ఉన్నారు, ఆ అంగళ్లలో కొనేవారూ ఉన్నారు. ఇప్పుడు వ్రాయబోయే సంగతి ఇరువురికీ సంబంధించినది.

క్రిందటి యేడు మా వదినగారు ఒక అంగడిలో ప్రెషర్ కుక్కరు కొన్నారు. రొక్కమిచ్చారు, బిల్లు అడగలేదు. మూడవ నెలలో పప్పు ఉడుకుతూ ఉండగా మూత ఎగిరిపడి, కుడిచేయి మోచేతి దాకా కాలింది. వైద్యానికి కుక్కరు ఖరీదుకు పదింతలైనది. అంగడాయన మన తెలుగువాడే. "నేను చేసిన సామానా స్వామీ? చేసినవాణ్ణి అడగండి" అన్నాడు. కుక్కరు తిప్పి చూస్తే ఏదో పేరున్నది గాని, ఊరూ లేదు, ఐ.ఎస్.ఐ. గుర్తూ లేదు.

ఆఫీసులో కాగితాలు చూడడం అలవాటైనవాణ్ణి గనుక చట్టం తెప్పించి చదివాను.

పూర్వం కొనేవాడే చూచుకొని కొనాలన్నది నియమం. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చి చెడ్డ సరకుకు బదులు సరకో, డబ్బో ఇప్పించింది. కాని గాయానికి పరిహారం కావాలంటే ఎదుటివాడి అజాగ్రత్తను మనమే రుజువు చేయవలసి వచ్చేది. ఫ్యాక్టరీ లోపల ఏం జరిగిందో వంటింట్లోని ఇల్లాలికి ఎట్లా తెలుస్తుంది?

ఈ చిక్కు తీర్చడానికే 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. సరకు తయారీలోగాని, రూపకల్పనలోగాని లోపమున్నా, వాడే విధానాన్నీ ప్రమాదాన్నీ సరిగా తెలుపకపోయినా, కలిగిన హానికి తయారీదారు బాధ్యుడు. కొన్నవారే కాదు, వారి సమ్మతితో వాడినవారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. మనం నివసించే జిల్లాలోనే కమిషనుకు వెళ్లవచ్చు. సరకు ఖరీదు 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు ఉండితీరాలన్న నియమమూ లేదు. గడువు 2 సంవత్సరాలు. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

కుక్కర్ల సంగతి చూడండి. 2021 ఫిబ్రవరి 1 నుండి ఇళ్లలో వాడే కుక్కరుకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. గుర్తులేనివి అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, అమ్ముడైన 2,265 కుక్కర్లను వెనుకకు తీసుకొని డబ్బు ఇమ్మని ఆదేశించింది.

మరి చిన్న అంగడివారి మాట? తయారీదారు ఎవరో తెలియకపోతే, లేక అతనికి నోటీసు అందించే వీలే లేకపోతే, బాధ్యత అమ్మినవాని మీద పడుతుంది. అయితే కొన్నవారు సరకును దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా అమ్మినవాని మీద దావా నిలవదు. చట్టం నిజాయితీపరుణ్ణి గాలికి వదలలేదు.

ఈ మాట చెప్పగానే మన అంగడాయన ముఖం పాలిపోయింది. ఆయన ఆ కుక్కర్లను ఊరూరా తిరిగే ఒక టోకు మనిషి దగ్గర, బిల్లు లేకుండా, చవకగా వస్తున్నవని కొన్నాడు. ఆ మనిషి మళ్లీ కనబడలేదు. "ఇట్లాగైతే మేం బ్రతికేదెట్లా?" అన్నాడు. బిల్లు, తయారీదారు చిరునామా ఉంటే నోటీసు నేరుగా అక్కడికే పోయేదని చెప్పాను.

ఆయన తనంతట తానే వైద్యానికి సగం ఖర్చు తెచ్చి ఇచ్చాడు. ఒకే వీథిలోనివాళ్లమని మా వదినగారు కమిషనుకు పోలేదు. ఆ నిర్ణయం సబబేనా అని నాకిప్పటికీ సందేహమే. ఆ సరకు చేసినవాడు మాత్రం ఎక్కడో సుఖంగా ఉన్నాడు, బహుశః ఇంకా చేస్తూనే ఉన్నాడు.

కాబట్టి కొనే సోదరీమణులకు నా మనవి: గుర్తు చూడండి, బిల్లు అడగండి, దాచండి. బిల్లు అడగడం అపనమ్మకం కాదు. అమ్మే సోదరులకు: టోకువాని దగ్గర మీరూ అడగండి. ఆ చిన్న కాగితం ఉండివుంటే మా వదినగారికీ, ఆ అంగడాయనకూ ఇద్దరికీ అండగా ఉండేది.