వాన పడితే దిక్కు తప్పే కారు!

డాలస్‌లో ఎంఎస్ చదువుతున్నప్పుడు కొన్న సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ అది. లోపలి అద్దం మూలన చిన్న పచ్చ అక్షరాల్లో దిక్సూచి ఉండేది. ఎన్ అంటే ఉత్తరం, ఎస్ అంటే దక్షిణం. ఫోన్‌లో మ్యాప్స్ ఉండగా ఇదెందుకులే అనుకున్నా. ఒక వాన రాత్రి వాక్సహాచీలో ఫ్రెండ్ ఇంటి నుంచి వస్తుంటే ఫోన్ చచ్చింది. డాలస్ ఉత్తరాన ఉంది, అద్దంలో ‘ఎన్’ కనబడుతోంది... చీకట్లో ఊళ్ల రోడ్లు పట్టుకుని అదే నమ్మి పోయా. అరగంట తర్వాత ఒక గ్యాస్ స్టేషన్‌లో అడిగితే తెలిసింది, నేను పోతున్నది ఈశాన్యానికి!

మర్నాడు ఎండలో చూస్తే దిక్సూచి బంగారంలా పనిచేస్తోంది. షెడ్డుకు తీసుకెళ్తే, ‘అద్దం మొత్తం మార్చాలి, మూడొందల డాలర్లు’ అన్నారు. అది నా నెల సరుకుల డబ్బు. సరే, మనమే చూద్దామని మల్టీమీటర్ కొన్నా. ఫ్యూజ్ బాగానే ఉంది. అద్దం ప్లగ్గు దగ్గర 12.4 వోల్టులు వస్తున్నాయి. ఎర్త్ కూడా గట్టిగానే ఉంది. ఖాళీ పార్కింగ్‌లో నెమ్మదిగా మూడు చుట్లు తిప్పి క్యాలిబ్రేషన్ కూడా చేశా. మళ్లీ వాన... మళ్లీ తప్పు దిక్కు!

ఇక విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసే మా బాబాయ్‌కి వీడియో కాల్ చేశా.

“ఒరేయ్, వైర్లు తర్వాత పీకుదువుగాని. వాన రోజు ఏమేం ఆన్ చేస్తావో చెప్పు.”

“లైట్లు, వైపర్లు, వెనకద్దం డీఫాగర్... అంతే బాబాయ్.”

“బండి కదపకుండా ఒక్కో స్విచ్ వేసి దిక్సూచి చూడు.”

బండి ఉత్తరం వైపు పెట్టి మొదలెట్టా. లైట్లు వేశా, ‘ఎన్’. వైపర్లు, ‘ఎన్’. డీఫాగర్ నొక్కానో లేదో, ‘ఎన్‌డబ్ల్యూ’! దొంగ దొరికాడు. డీఫాగర్ పది నిమిషాలకు దానంతటదే ఆగిపోతుంది. ఆ రాత్రి అద్దం మసకబారినప్పుడల్లా నేనే మళ్లీ మళ్లీ నొక్కా మరి.

దీని వెనక సైన్స్ మనం పదో తరగతిలో చదివిందే. కరెంట్ పోయే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో అయిర్‌స్టెడ్ చూపించాడు. పది ఆంపియర్లు పోయే ఒంటి తీగ, పది సెంటీమీటర్ల దూరంలో 20 మైక్రోటెస్లాల అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. డాలస్‌లో దిక్సూచిని నడిపే భూమి క్షేత్రం పాతిక మైక్రోటెస్లాల లోపే. ఇక అద్దం పాపం ఎవరి మాట వినాలి? వెళ్లే తీగ, వచ్చే తీగ పక్కపక్కనే ఉంటే రెండు క్షేత్రాలూ కొట్టుకుపోతాయి. మరి ఇక్కడ ఒంటి తీగ ఎక్కడిది?

దాన్ని పట్టించింది నా ఫోనే. కంపాస్ యాప్ తెరిచి, డీఫాగర్ వేస్తూ ఆపుతూ, పైకప్పు గుడ్డ కింద మెల్లగా జరిపా. ముల్లు ఊగిన చోటల్లా తీగ ఉన్నట్టే. గుడ్డ కాస్త దించి చూస్తే గుండె ఆగినంత పనైంది. వెనక డోరు మడతలో అసలు వైరు తెగిపోతే, పాత ఓనర్ ముందు నుంచి అద్దం మీదుగా కొత్త వైరు లాగేశాడు. ఫ్యూజ్ లేదు. జాయింట్ దగ్గర టేపు కరిగి నల్లబడింది. “దిక్సూచి చెడిపోలేదురా, నిన్ను హెచ్చరించింది” అన్నాడు బాబాయ్.

బ్యాటరీ వైరు తీసేసి, ఆ తీగ పీకేశా. తెగిన అసలు వైరును అతికి, ఫ్యూజ్ ఉన్న పాత దారికే కలిపా. ఖర్చు ఇరవై డాలర్ల లోపే.

మీ కారు దిక్సూచీ తిక్కగా ఉందా? డిస్‌ప్లే అసలు వెలగకపోతే ఫ్యూజ్, ప్లగ్, ఎర్త్ చూడండి. ఎప్పుడూ తప్పే చూపిస్తే అద్దం దగ్గరున్న మ్యాగ్నెట్ ఫోన్ హోల్డర్ తీసి, క్యాలిబ్రేట్ చేయండి. అప్పుడప్పుడే తప్పితే మాత్రం ఒక్కో స్విచ్ వేసి చూడండి. తప్పు అద్దానిది కాకపోవచ్చు!