ఎర్రచందనము – మన కొండల సొత్తు

జలదంకి నుండి పడమటగా వింజమూరు మీదుగా ఉదయగిరికి పోవువారికి వెలిగొండలు కానవచ్చును. ఈ కొండలును, నల్లమల, పాలకొండ, శేషాచలములును ఎర్రచందనమునకు పుట్టినిండ్లు. తూర్పు కనుమల దక్షిణభాగమున తప్ప ప్రపంచమున మరెక్కడను ఈ చెట్టు తనంతట తాను మొలవదు.

ఇది కుండపోత వానల అడవిలో పెరుగు చెట్టు కాదు. రాతినేల, మంచి ఎండ, కొద్దిపాటి వాన దీనికి చాలును. బెరడు మొసలి వీపువలె పగిలియుండును. పూవులు పసుపుపచ్చన, కాయ గుండ్రముగ, చుట్టును రెక్కతో నుండును. పేరు చందనమే గాని, శ్రీగంధపు పరిమళము దీనికి లేదు. చేవ ముదురెరుపు, నీటిలో వేసిన మునిగిపోవునంతటి బరువు.

మన పెద్దలు ఈ చెక్కను సానపై అరగదీసి వాపులకు పట్టు వేసెడివారు. దీని రంగుతో బట్టల నద్దెడివారు. తిరుపతి కొయ్యబొమ్మలకు ఇది పేరుపొందిన కలప. జపానులో షామిసెన్ అను తంత్రీవాద్యమునకు దీనిని వాడుదురు.

ఈ గిరాకియే చెట్టునకు ముప్పు తెచ్చినది. చేవ పట్టుటకు దశాబ్దములు కావలెను. గొడ్డలికి గడియ చాలును. అందుచేత 1995లో దీని విదేశీ వ్యాపారమును అంతర్జాతీయ ఒడంబడిక అదుపులోనికి తెచ్చిరి. 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని అంతరించు ప్రమాదమున్న వృక్షముల జాబితాలో చేర్చినది.

పంచాయతీ సభ్యులు ఇందు చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది, కూలికాశపడి దొంగనరుకుడుకు పోవు యువకులకు ముందే బుద్ధి చెప్పుట; లాభము దళారిది, జైలు కూలివానిది. రెండవది, 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము గ్రామ కమిటీ నేర్పరచి, ఊరి చెట్టుచేమలను, వాటి వాడుకలను పెద్దల నడిగి పుస్తకమున కెక్కించుట. మూడవది, మెట్టపొలముల గట్లపై ఈ మొక్కలను నాటించుట. సొంతభూమిలో పెంచుట నేరము కాదు. నరుకుటకును, తరలించుటకును మాత్రము అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఈ సంగతి రైతులకు ముందుగానే తెలుపవలెను.

ఉదయగిరి పనివారు నర్ది, బిక్కి వంటి కొండకలపతో గరిటెలు చెక్కి జీవించుచున్నారు. కొండ పచ్చగానున్ననే వారి పొయ్యి వెలుగును. నేడు మనము నాటిన ఎర్రచందనము మన మనుమల కాలమునకు చేవ పట్టును. ఆనాటివరకు దానిని కాచుట మన వంతు.